ఏజెంటు ఎవరు? ఎవరికి ఏజెంటు?

సింగరాయకొండ ప్రాంతమునుండి మిరప పండించు రైతు మిత్రులొకరు మాకొక జాబు వ్రాసిరి. ఒక వ్యాపారసంస్థ పక్షమున యువకుడొకడు వారి గ్రామమునకు వచ్చి, చేతి ఫోనులో నొక కృత్రిమ మేధాయంత్రమును చూపి, "ఇకమీదట గుంటూరు యార్డులో మీకు మనుష్యుడైన ఏజెంటు అక్కరలేదు. ఇదియే మీ ఏజెంటు. ధరలు కనిపెట్టును, శీతల గిడ్డంగిలోని సరకు ఎప్పుడు తీయవలెనో తేల్చును, పురుగుమందు తానే తెప్పించును, బేరము తానే కుదుర్చును" అని చెప్పెనట. మా మిత్రుల సందేహమిది: "నా టిక్కీలను ఏండ్ల తరబడి అమ్మిపెట్టుచున్న కమీషను ఏజెంటును నేనెరుగుదును. ధర తెగిపోయిననాడు ఆయన దుకాణము ముందు కూర్చుండి అడుగగలను. ఈ యంత్రము ఏజెంటు ఎట్లగును? అగుచో, నష్టము వచ్చిననాడు నేను ఎవరి ముందు కూర్చుండవలెను?"

ఈ ప్రశ్న సింగరాయకొండకు మాత్రమే సంబంధించినది కాదు. గడచిన రెండు మూడేండ్లలో యంత్రవిద్యా సంస్థలన్నియు ఏజెంటు అను మాటను తమ సరకులమీద ముద్రవలె కొట్టుచున్నవి. అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పు యంత్రము ఏజెంటని యొకరు, అడుగకయే పని చేసిననే ఏజెంటని మరియొకరు అనుచున్నారు. పేరు పెట్టువారును సరకు అమ్మువారును ఒక్కరే యగుటచేత ఆ పేరు సాగుచు ముడుచుకొనుచు నుండును. అమ్మునాడు అది మీ నమ్మిన సేవకుడు. దావా పడిననాడు అది వట్టి పనిముట్టు, లేదా తనంతట తాను నడచిన స్వతంత్రవ్యక్తి. నిర్వచనము పండితుల వినోదము కాదనుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

ఆంధ్రులకు ఏజెంటు అను మాట క్రొత్తది కాదు. దాని రుచియు క్రొత్తది కాదు. 1611లో మచిలీపట్టణమున కోఠీ పెట్టిన ఆంగ్లేయులు లండనులోని వాటాదారుల పక్షమున సరకు కొనుటకు వచ్చినవారే. చెన్నపట్టణపు సెయింటు జార్జి కోటలో తొలినాటి అధిపతులకు ఏజెంటు అనియే హోదా. 1765లో కంపెనీవారు ఢిల్లీ పాదుషాయొద్ద వంగ, బిహారు, ఒరిస్సాల దివానీ పుచ్చుకొనిరి. అనగా చక్రవర్తి పేర శిస్తు వసూలుచేసి లెక్క ఒప్పగింపవలసిన గుమాస్తాలైరి. లెక్క తమయొద్దనే యుండుటచేత ఆ గుమాస్తాలు ఎట్లు ప్రభువులైరో చెప్పనక్కరలేదు. 1839 చట్టముచేత గంజాము, విశాఖపట్టణముల కలెక్టర్లను మన్యప్రాంతములకు గవర్నరు ఏజెంట్లనుగా చేసిరి. ఆ ప్రభుత్వము పోయి ఎన్ని యేండ్లయినను మన్యమును ఏజెన్సీ అనుట మనకు పోలేదు.

ఇక యంత్రవిద్యలోని పండితులు ఏమనుచున్నారో చూతము. 1995లో స్టూవర్టు రస్సెల్, పీటరు నార్విగ్ అను విద్వాంసులు వ్రాసిన పాఠ్యగ్రంథము నేటికిని కృత్రిమ మేధ విద్యార్థులకు లోకమంతట ఆధారము. ఇంద్రియములవంటి సాధనములచేత పరిసరమును గ్రహించి, అవయవములవంటి సాధనములచేత ఆ పరిసరముమీద పనిచేయునదెల్ల ఏజెంటని వారి మతము. వినుటకు సొంపుగానే యున్నది. కాని బోరుబావి మోటారునకు బిగించు ఆటో స్టార్టరును మన రైతులెరుగుదురు. కరెంటు వచ్చినది లేనిది అది కనిపెట్టును. వచ్చినతోడనే, రైతు ఇంట నిద్రించుచున్నను, మోటారు నడపును. గ్రహించుట యున్నది, చేయుట యున్నది. అట్లగుచో ఆటో స్టార్టరు కూడ ఏజెంటే! ఆ గ్రంథకర్తలు ఇది యెరుగనివారు కారు. ఏజెంట్లలో తరగతులేర్పరచి, తలంపు లేక ప్రతిచర్య మాత్రము చేయుదానిని అట్టడుగున నిలిపిరి. ఐనను గుమ్మము మరీ వెడల్పైనది. అందులోనుండి ఎద్దుబండి కూడ లోనికి రాగలదు.

ఆటో స్టార్టరు చరిత్రలోనే దీనికి జవాబు కొంత గలదు. కరెంటు ఏ రాత్రివేళ వచ్చునో తెలియని కాలమున అది రైతునకు మహోపకారి. 2017లో తెలంగాణ ప్రభుత్వము వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల విద్యుత్తు ఈయ తలపెట్టినప్పుడు, ఆ స్టార్టర్లను తీసివేయుమని రైతులనే కోరవలసివచ్చెను. ఏలయన, కరెంటు ఎల్లవేళల నుండినచో అది ఎల్లవేళల నీరు తోడుచునే యుండును. బావి అడుగంటినను దానికి పట్టదు. లోకము మారినది, అది మారలేదు, మారవలసినవాడు రైతాయెను.

ఈ భేదమునే లండనులోని డీప్‌మైండ్ సంస్థ పరిశోధకులు 2022లో నిర్వచనముగా మలచిరి. తన చర్యవలన లోకమున కలుగు ఫలితము వేరు విధముగా నుండినయెడల, దానికి తగినట్లు తన నడత మార్చుకొనునదే ఏజెంటని వారు చెప్పినదాని సారము. ఇది మాకు నచ్చినది. గుంటూరు యార్డులో కాటాయు కమీషను ఏజెంటును ప్రక్కప్రక్కనే యుందురు. మార్కెటు నియమములు రేపు తలక్రిందులైనను కాటాముల్లు తన తూకమే చూపును. ఏజెంటు మాత్రము సాయంకాలములోగా తన పద్ధతి మార్చుకొనును. మొదటిదానికి గమ్యము లేదు, రెండవవానికి కలదు. గమ్యమున్నవాని త్రోవకు అడ్డుగోడ కట్టిచూచిన తెలియును: వాడు గోడ చుట్టును తిరిగి వచ్చును.

నేడు అమ్ముచున్న యంత్రములు ఏ జాతివి? వానికి మూలము భాషాయంత్రము. లోకములోని అపారమైన వ్రాతలనుండి మాట తరువాత మాట ఏది రావలెనో ఊహించుట నేర్చినది. దానికొక లక్ష్యమును మాటలలో చెప్పి, ధరల పట్టిక చూచుట, ఉత్తరము పంపుట, సొమ్ము చెల్లించుట మొదలైన పనులకు సాధనములిచ్చి, ఒక అడుగు వేసి ఫలితము చూచి మరియొక అడుగు తేల్చుకొమ్మని మరల మరల త్రిప్పుదురు. ఈ త్రిప్పుటచేతనే మాటలాడు యంత్రము పనిచేయు యంత్రమగుచున్నది. అదే యంత్రము చేతిలో తాళపుచెవులు లేనప్పుడు సలహాదారు. బ్యాంకు ఖాతా తాళపుచెవి దొరకినప్పుడు ఏజెంటు. కాబట్టి దీని తెలివి ఎంత యని అడుగుటకు ముందు దీని చేతికి ఏమిచ్చితిమని అడుగవలెను.

ఇందు మరియొక చిక్కు కలదు. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన మన రాజ్ రెడ్డిగారు, 1994లో ట్యూరింగు బహుమానమును ఫైగెన్‌బామ్‌తో పంచుకొనినవారు, 1970 దశకమున అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున తమ బృందముతో మనుష్యుని మాట వినెడి యంత్రములను నిర్మించిరి. వానిలో హియర్‌సే అను పేరు గలదానియందు అనేక జ్ఞానఖండములు, దేనికది వేరుగా నుండి, ఒక సామాన్యమైన నల్లబల్లమీద తమ తమ ఊహలను వ్రాయుచు, ఇతరుల ఊహలను దిద్దుచు, తుదకొక వాక్యమును తేల్చెడివి. వినినది ఎవరు? ఏ యొక్క ఖండమును కాదు. నేటి ఏజెంట్లును ఇట్లే పలువురు కూడి పనిచేయుచున్నవి: ఒకటి ధర వెదకును, ఒకటి బేరమాడును, ఒకటి సొమ్ము పంపును. గుంపులో చేసిన తప్పు ఎవరిమీదను నిలువదు. పంచాయతీలలో మనమెరిగినదే.

మన నేలమీద జరిగిన రెండు ప్రయత్నములను ఈ కొలతతో కొలిచిచూతము. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలమున ఇక్రిశాటును మైక్రోసాఫ్టును కలిసి, 175 మంది వేరుశనగ రైతులకు విత్తు వేయవలసిన దినమును తెలుగులో ఫోను సందేశముగా పంపినవి. సలహా పాటించినవారి దిగుబడి సగటున నూటికి ముప్పది హెచ్చినదని ఆ సంస్థలు ప్రకటించినవి. అచ్చట యంత్రము చెప్పినది, విత్తినది రైతు. మానుకొనుటకు రైతునకు స్వేచ్ఛ గలదు. దానిని ఏజెంటనుట అతిశయోక్తి. మంచి పంచాంగమనిన చాలును.

రెండవది ఖమ్మము జిల్లాలో 2022లో మొదలైన సాగు బాగు పథకము. తెలంగాణ ప్రభుత్వము, ప్రపంచ ఆర్థిక వేదిక, డిజిటల్ గ్రీన్ మొదలైన సంస్థలు కలిసి ఏడువేల మంది మిరప రైతులకు తెలుగులో సలహాలను, భూసార పరీక్షలను, యంత్రముచేత కాయ నాణ్యత నిర్ణయమును, కొనువారితో సంబంధమును కల్పించినవి. ఎకరమునకు దిగుబడి నూటికి 21 హెచ్చినదనియు, పురుగుమందు వాడుక 9 తగ్గినదనియు, ధర 8 పెరిగినదనియు వారి లెక్క. మేము సంతోషించుచున్నాము. కాని నాణ్యత చెప్పు యంత్రమును గూర్చి యొక మాట. పై నిర్వచనము ప్రకారము అది ఏజెంటు కాదు, కాటావంటిదే. దానికి గమ్యము లేదు. ఐనను మిరపకాయ రంగు, తాలు, తేమ చూచి ఇది ఫలానా తరగతి అని తేల్చిననాడు ధర అక్కడనే నిర్ణయమైనది. గమ్యము లేని వస్తువు గమ్యమున్నవాని చేతిలో నున్నప్పుడు, పని ఎవరిదని చెప్పవలెను?

ఈ చిక్కును మన వైయాకరణులు యంత్రములు లేని కాలముననే విప్పియుంచిరి. పాణిని కర్తకు స్వాతంత్ర్యమే లక్షణమనెను. అంతటితో ఆగక, ఆ కర్తను ప్రేరేపించువానికి హేతువనియు కర్తయనియు రెండు పేర్లును పెట్టెను. క్రియ నెరవేరుటకు అన్నిటికన్న ఎక్కువ తోడ్పడునది కరణమనెను. యజమాని పాలేరుచేత నాగలితో పొలము దున్నించెను అన్నప్పుడు యజమాని ప్రయోజక కర్త, పాలేరు ప్రయోజ్య కర్త, నాగలి కరణము. పాలేరు తన ఒడుపుతో దున్నును. చాలు వంకరపోయిన వానిదే తప్పు కావచ్చును. కాని పరుల గట్టు దున్నించిన యజమాని కర్తృత్వమునుండి తప్పించుకొనజాలడు. తెలుగు భాష "చేయు"నకు ప్రక్కనే "చేయించు"ను కూర్చుండబెట్టినది. ఇంగ్లీషువారి ఏజెంటు అను ఒక్క మాట ఈ ఇద్దరిని కలిపివేయుచున్నది. గందరగోళములో సగము అచ్చటనే పుట్టుచున్నది.

పతంజలి మరియొక మెట్టు ఎక్కెను. వండువాడు దేవదత్తుడే యైనను, చెప్పువాని తలంపునుబట్టి కుండ వండుచున్నదనియు, కట్టెలు వండుచున్నవనియు చెప్పవచ్చునని చూపెను. "మీ దరఖాస్తును యంత్రము త్రోసివేసినది", "ధర యంత్రము తేల్చినది" అని నేడు కచేరీలలో, బ్యాంకులలో వినబడు మాటలు కుండ వండినదను జాతికి చెందినవి. వ్యాకరణమున దోషము లేదు. అన్నము మాడినప్పుడు మాత్రము కుండను పిలిచి అడుగము.

కరణము అను మాటకు మన పల్లెలలో వేరొక యర్థము నుండెడిది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ ఉద్యోగమును రద్దుచేయువరకు ఊరి లెక్కలు వ్రాసినవారు కరణములే. పేరుకు సర్కారు చేతిలోని సాధనము. కాని అడంగలు తమయొద్ద నుండుటచేత, ఏ సర్వే నంబరు ఎవరి అనుభవములో నున్నదో వారు వ్రాసినదే నిజమగుటచేత, అనేక గ్రామములలో కరణమే కర్తయై కూర్చుండెను. ఖమ్మములోని నాణ్యతాయంత్రమునుగూర్చి మేము సందేహించినది ఇందుచేతనే. నిర్వచనమునకు ఏజెంటు కానిది కూడ లెక్క తన చేతిలో నున్నయెడల యజమానిని ఆడింపగలదు.

చట్టము మాటకు వత్తము. ఏజెంటును నిర్వచించిన మన శాసనము 1872 నాటి కాంట్రాక్టు చట్టము. అది అమలులోనికి వచ్చినది ఆ యేటి సెప్టెంబరు 1న. అంతకు తొమ్మిది దినముల ముందు, ఆగస్టు 23న, నేడు సింగరాయకొండయున్న జిల్లాకు తన పేరిచ్చిన టంగుటూరి ప్రకాశము పంతులుగారు పుట్టిరి. ఆ చట్టమునందలి 182వ సెక్షను ప్రకారము, ఇతరునికొరకు ఒక పని చేయుటకో, మూడవవారితో వ్యవహారములలో ఇతరునికి ప్రతినిధిగా నుండుటకో నియమింపబడిన వ్యక్తి ఏజెంటు. గమనింపుడు: యంత్రపండితులు గ్రహించుటను, మార్చుకొనుటను చెప్పిరి, ఎవరికొరకు అనుమాట వారి నిర్వచనములో లేదు. చట్టమున ఉన్నదంతయు ఎవరికొరకు అనుమాటయే. 184వ సెక్షను ఇంకను విచిత్రమైనది. మైనరు బాలుడు కూడ ఏజెంటు కావచ్చును. వాడు చేసిన బేరము యజమానిని కట్టివేయును. కాని ఆ బాలుడు యజమానికి జవాబుదారి కాడు. యంత్రమునకు ఇంతకన్న దగ్గరి పోలిక మాకు కనబడలేదు. ఐనను చట్టము కోరునది వ్యక్తిని. యంత్రము వ్యక్తి కాదు.

2000 నాటి సమాచార సాంకేతిక చట్టము 11వ సెక్షను ఈ లోటును కొంత పూడ్చినది. ఒకని పక్షమున తనంతట తాను పనిచేయునట్లు ఏర్పాటుచేసిన యంత్రవ్యవస్థ పంపిన పత్రము, వానిదే యని భావింపవలెనని దాని తాత్పర్యము. అనగా మన శాసనము యంత్రమును కరణముగానే చూచి, కర్తృత్వమును ప్రేరేపించినవానికి అంటగట్టినది. సరియైన త్రోవయే. కాని ఆ సెక్షను వ్రాసిననాడు యంత్రమునకు ప్రతి యడుగును ముందే వ్రాసియిచ్చెడివారు. నేడు అడుగులను యంత్రము తేల్చుకొనుచున్నది. దాని నేర్పరులు వేరొక దేశమున నున్నారు. దానిని ఊరూర అమ్మువారు మరియొకరు. లక్ష్యము చెప్పువాడు సింగరాయకొండ రైతు. ఇందరిలో ఏర్పాటుచేసినవాడెవడు?

కెనడాలో ఈ వ్యాజ్యము వచ్చినది. అయినవారు పోయి ప్రయాణమగువారికి ఇచ్చు రాయితీని గూర్చి ఎయిర్ కెనడా సంస్థవారి సంభాషణయంత్రము ఒక ప్రయాణికునికి తప్పు చెప్పెను. డబ్బు తిరిగి ఈయుమన్నప్పుడు, ఆ యంత్రము తన చర్యలకు తానే బాధ్యమైన వేరు వ్యక్తియన్నట్లు సంస్థవారు వాదించిరి. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునలు ఆ వాదమును త్రోసివైచి, నష్టపరిహారము ఈయుమనెను. 2017లో ఐరోపా పార్లమెంటు కూడ స్వయంచాలక యంత్రములకు ఒక విధమైన వ్యక్తిత్వమును ఈయవచ్చునా యని విచారింపుమని ఐరోపా కమీషనును కోరియుండెను. మా మతమున అది వలదు. మనుష్యుడు కానివానికి వ్యక్తిత్వమిచ్చుట మనకు తెలియనిది కాదు. పాత సింగరాయకొండలో వెలసిన వరాహ లక్ష్మీనరసింహస్వామివంటి దేవునికి మన చట్టము వ్యక్తిత్వమిచ్చును. దేవుని పేర భూమి యుండవచ్చును, దావా నడువవచ్చును. కాని ఆయన బేరమాడడు. ఆయన పక్షమున బేరమాడు మనుష్యుడు లెక్క చెప్పవలెను. ఇది తలక్రిందైన సంగతి: యంత్రము బేరమాడును, దానికి ఆస్తి లేదు, లెక్క చెప్పదు. పరిహారమునకు జప్తుచేయ దగిన గజము నేల కూడ లేనివానిని వ్యక్తియనుట వెనుకనున్న ధనికుని దాచుటకే పనికివచ్చును.

ఇంతకును మిరపయార్డులోని అసలు వ్యాధి ఏది? కమీషను ఏజెంటు రైతునకు పెట్టుబడి అప్పిచ్చును, కొనువారితో నిత్యము వ్యాపారము నెరపును. అందరును ద్రోహులని మేమనము. మంచివారు పలువురు గలరు. కాని ఆయన ఎవరి ఏజెంటు అని రైతు నడిగిన తడబడును. యజమానికి తెలియకుండ తన లాభమునకు వ్యవహరించిన ఏజెంటునుండి ఆ లాభమును యజమాని రాబట్టుకొనవచ్చునని 1872 చట్టమే 216వ సెక్షనులో చెప్పినది. అడిగినప్పుడెల్ల లెక్క చూపవలెనని 213వ సెక్షను చెప్పినది. ఫోనులోని యంత్రమునకు ఈ రెండును ఎట్లు వర్తించును? మందు తెప్పించుటలో ఏ మందుల కంపెనీ సొమ్ము దాని వెనుక నున్నది? ధర చెప్పుటలో ఏ కొనుగోలుదారుడు దానికి భత్యమిచ్చుచున్నాడు? మనుష్య ఏజెంటు మొగము చూచి కొంత పసిగట్టవచ్చును. దీనికి మొగము లేదు. పైగా ఈ యంత్రములు చదువు పత్రములలో ఇతరులు రహస్యముగా వ్రాసియుంచిన ఆజ్ఞలను తమ యజమాని ఆజ్ఞలని భ్రమించుట ఈ విద్యలోనివారే ఒప్పుకొనిన దోషము. త్రోవలో ఎదురైనవాడెల్ల చెవిలో ఒక మాట ఊదగల దళారిని మన రైతు ఇదివరకెన్నడును చూచియుండడు.

మరియొక అపాయము. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోగా కేంద్ర ప్రభుత్వము మిరపకు క్వింటాలుకు 11,781 రూపాయల చొప్పున మార్కెటు జోక్య పథకమును ఒప్పుకొనవలసివచ్చెను. అట్టిదినమున వేలకొలది రైతుల యంత్రములు, ఒకే సంస్థ నేర్పినవి యగుటచేత, ఒకే తెల్లవారున గిడ్డంగులనుండి సరకు తీయుమని తేల్చినయెడల ఏమగును? ఒక్కొక్కటి తన యజమానికి మేలుచేయదలచియే అందరిని ముంచును. ప్రత్యేకముగా ఏ యంత్రమును తప్పు చేయలేదు.

పట్టణవాసులును ఇది పల్లెవారి గొడవయని ఊరకుండరాదు. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మన మిత్ర అను పేర వాట్సాపుద్వారా 161 సేవలను అందింప మొదలుపెట్టినది. తహసీలు కచేరీ మెట్లెక్కు బాధ తప్పినంతవరకు మేలే. దరఖాస్తును చేరవేయుటవరకు అది తపాలా బంట్రోతు. దరఖాస్తును ఒప్పుకొనుట, త్రోసివేయుట కూడ ఎప్పుడైన యంత్రమునకు అప్పగింపదలచినచో, ఏ అధికారి పేర అది పలుకుచున్నదో, ఎవరియొద్ద అప్పీలు చేసుకొనవలెనో ప్రతి నిర్ణయము క్రిందను వ్రాయుమని నేడే అడుగవలెను.

సింగరాయకొండ మిత్రులకు మా జవాబు. ఆ యంత్రము మీ యనుమతి లేకయే అమ్మగలదు, కొనగలదు అనుచో అది ఏజెంటే; ఆ పేరునకు వెరవనక్కరలేదు. కాని ఆ యువకుడు మరల వచ్చినప్పుడు, అది మీ ఏజెంటా, కొనువాని ఏజెంటా, తన కంపెనీ ఏజెంటా యని కాగితముమీద వ్రాసి సంతకము చేయుమనుడు. ఎంత సొమ్మువరకు, ఏ ధరకు తక్కువ కాకుండ అమ్మవచ్చునో హద్దు పెట్టుడు. ఆ హద్దు దాటిన బేరము కంపెనీ ఖర్చులో పడవలెనని చేర్పింపుడు. మందుల కంపెనీలనుండి, వర్తకులనుండి వారికి ముట్టు సొమ్మును చూపుమనుడు. యంత్రము చేసిన ప్రతి పనికిని తెలుగులో చిట్టా మీకు చేరవలెను, తాళపుచెవిని మీరు ఏ దినముననైనను వెనుకకు తీసికొనగలుగవలెను. వ్యాజ్యము వచ్చినచో అది ఒంగోలు కోర్టులోనే నడువవలెను గాని సముద్రమునకావల కాదు. ఇందులో ఏ యొక్కటి వ్రాయననినను, ఈ యేటి టిక్కీలను పాత ఏజెంటుచేతనే అమ్మించుకొనుడు. వ్రాసియిచ్చినచో ఆ కాగితము నకలు మాకు పంపుడు. అందలి షరతులను ఈ పుటలోనే విచారింతుము.